కొండముచ్చు మెడలో అడ్డకాయల దండ

తూర్పు కొండల వాలులో నల్లమద్ది అడవి ఉంది. ఆ అడవిలో ఎలుగుబంట్లు, కణుతులనే పెద్ద దుప్పులు, కుందేళ్ళు, ముంగిసలు, ముళ్ళపందులు, కొండముచ్చులు బతుకుతుండేవి. వానాకాలంలో ఆ అడవి పచ్చగా చల్లగా ఉండేది. ఎండలు ముదిరితే మాత్రం బండరాళ్ళు పెనంలా కాలేవి. బొరియల్లో కూడా ఊపిరాడేది కాదు.

అందుకని రోహిణి కార్తెలో చాలా జంతువులు పిల్లాపాపలతో చలిలోయకు విడిదికి వెళ్ళేవి. అక్కడ ఒక జలపాతం, దాని పక్కన చల్లని గుహలు ఉండేవి. ఆ గుహలు వాలప్ప అనే కొండముచ్చువి. అతని తాతముత్తాతల కాలం నుంచి అవి ఆ ఇంటివే.

గుహ కావలసినవాళ్ళు చైత్రంలోనే వాలప్పకు బయానా ఇవ్వాలి. బయానా అంటే ఎండబెట్టిన ఇప్పపువ్వు. దానికి ఒక పద్ధతి ఉండేది. పువ్వు పుచ్చుకుని వాలప్ప అడవి తీగకు కాసే గట్టి అడ్డకాయను ఒకదాన్ని రెండు చెక్కలుగా చీల్చేవాడు. ఒక చెక్క తాను ఉంచుకుని, రెండో చెక్క వచ్చినవాళ్ళ చేతికి ఇచ్చేవాడు. "నువ్వు పువ్వు ఇచ్చావు, నేను చలువ ఇస్తాను" అని అందరికీ వినబడేలా అనేవాడు. ఏ కాయ చెక్క ఆ కాయ చెక్కకే అతుకుతుంది కాబట్టి మోసానికి తావు లేదు. విడిది ముగించుకుని ఇంటికి బయలుదేరే రోజున ఇద్దరూ తమ చెక్కలను కలిపి వాగులో వదిలేవారు. ఇక ఒకరికొకరు బాకీ లేరని దాని అర్థం.

పెద్దలు పెట్టిన మంచి పద్ధతి అది. దానిని కూడా వాలప్ప తన గొప్ప కోసం వాడుకున్నాడు. అతని తండ్రి ఆ చెక్కలను గుహ మూలలో భద్రంగా దాచేవాడు. వాలప్ప మాత్రం వాటిని తీగకు గుచ్చి దండలా మెడలో వేసుకునేవాడు. కొమ్మ మీద నుంచి కొమ్మ మీదకు దూకితే ఆ దండ గలగలమనేది. "చప్పుడు వింటున్నారా? ఈ అడవిలో నా విడిది కోరనివాళ్ళు లేరు!" అనేవాడు.

ఆ అడవిలోనే ఈరమ్మ అనే ముళ్ళపంది ఉండేది. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దది దబ్బనం, చిన్నవాడు సూది. ఈరమ్మ పొద్దు పోనిచ్చేది కాదు, మాట పోనిచ్చేది కాదు. తెల్లవారకముందే లేచి ఇప్పచెట్ల కింద రాలిన పువ్వు ఏరేది. పిల్లలు అడిగినా నిల్వలోంచి పువ్వు తీసేది కాదు. "ఇది వానాకాలపు కూడు" అనేది. వానలు పడ్డాక నేల బురదై దుంపలు కుళ్ళిపోతాయి. అప్పుడు ముళ్ళపందులకు ఎండిన ఇప్పపువ్వే ఆధారం.

అంతకుముందు వేసవిలో సూదికి ఎండదెబ్బ తగిలింది. వాడు బొరియలో పడి ఎగరొప్పుతుంటే ఈరమ్మ తడి ఆకులు కప్పి కాపాడుకుంది. ఆ రోజే ఒక మాట అనుకుంది. వచ్చే వేసవికి పిల్లలను చలిలోయకు తీసుకుపోవాలి. అక్కడ దుంపలు దండిగా దొరుకుతాయి. నిల్వ ముట్టుకోకుండానే వేసవి గడిచిపోతుంది. బయానా పోను మిగిలిన దానికి మళ్ళీ ఏరిన పువ్వు చేరుతుంది. ఇలా అన్నీ ఆలోచించుకుని, నిల్వలో ఎక్కువ భాగం మోసుకెళ్ళి వాలప్పకు బయానా ఇచ్చింది.

వాలప్ప అడ్డకాయ చీల్చాడు. "నువ్వు పువ్వు ఇచ్చావు, నేను చలువ ఇస్తాను" అన్నాడు. ఈరమ్మ తన చెక్కను జాగ్రత్తగా బొరియ గోడలో దోపుకుంది.

ఎలుగుబంటి బొంతన్న, కుందేలు తిప్పన్న కూడా ఆ ఏడు బయానా ఇచ్చారు.

పిల్లల సంబరం అంతా ఇంతా కాదు. "అమ్మా, జలపాతం పెద్ద చప్పుడు చేస్తుందా?" అని సూది రోజూ అడిగేవాడు.

"బొంత మామ గురక కంటే పెద్దదట" అనేది దబ్బనం.

వైశాఖం చివర ఒక సాయంత్రం పెద్ద గాలివాన వచ్చింది. చలిలోయ పై కొండ విరిగి, గుహల ముందు బండలు దొర్లిపడ్డాయి. లోపలికి చీమ కూడా దూరే సందు లేకుండా పోయింది. మర్నాడు ఒక కాకి అడవి అంతా తిరిగి, "ఈ ఏడు విడిది లేదు! వాలప్ప చెప్పమన్నాడు!" అని అరిచి వెళ్ళింది.

సూది ఏడ్చాడు. ఈరమ్మ వాడి తల నిమిరి, "కొండ విరిగితే ఎవరేం చేస్తారు నాన్నా? మనం ఇచ్చిన పువ్వు మనకు వస్తుంది. ఆ పువ్వుంటే వానాకాలం గడుస్తుంది" అంది. గోడలోంచి చెక్క తీసుకుని బయలుదేరింది.

వాలప్ప ఒక పెద్ద మద్దిచెట్టు మీద ఉండేవాడు. బయానా పువ్వంతా ఆ చెట్టు తొర్రలో కుప్పగా పోసి ఉంది. ఈరమ్మ వెళ్ళేసరికి బొంతన్న, తిప్పన్న చెట్టు కింద నిలబడి ఉన్నారు.

"వాలప్పన్నా, విడిది లేదన్నావు కదా. మా బయానా మాకు ఇచ్చెయ్యి" అంది ఈరమ్మ.

వాలప్ప తోక ఊపుతూ నవ్వాడు. "బయానా ఎక్కడికి పోతుందమ్మా? నా దగ్గరే ఉంటుంది. వచ్చే ఏడు వచ్చి వాడుకోండి."

"వచ్చే ఏటికి గుహలు తెరుచుకుంటాయా?"

"తెరుచుకుంటే వాడుకోండి. లేకపోతే ఆ పై ఏడు. నేనేమైనా పారిపోతున్నానా?"

"వచ్చే ఏడు సంగతి తరువాత. ఈ వానాకాలం మా పిల్లలు ఏం తినాలి?"

"అది నువ్వు చూసుకోవాలి. కొండ నేను విరగ్గొట్టానా?" అన్నాడు వాలప్ప.

బొంతన్నకు కోపం నషాళానికి అంటింది. "విరగ్గొట్టింది నువ్వే! మా పువ్వు మింగెయ్యాలని నువ్వే బండలు దొర్లించావు! దిగిరా, నీ తోక పీకి నీ మెడకే కడతాను!" అని గర్జించి చెట్టును ఊపాడు. వాలప్ప చిటారు కొమ్మకు ఎగబాకి కిచకిచ నవ్వాడు. "గట్టిగా ఊపు మామా! ఉయ్యాల బాగుంది!" అన్నాడు. బొంతన్న ఉడికిపోయి తన చేతిలోని చెక్కనే బండకేసి కొట్టాడు. అది తునాతునకలైంది. కోపం ముందు తన సొమ్మునే నాశనం చేస్తుంది.

తిప్పన్న చెవులు వాల్చుకుని, "పెద్దవాడు, ఎదురు చెబితే బాగుండదు. వచ్చే ఏడే చూసుకుంటాలే" అంటూ వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళాక భార్య ముందు మాత్రం వాలప్పను తెగ తిట్టాడు.

ఈరమ్మ ఒక్కతే మిగిలింది.

"నువ్వెందుకు ఇంకా? ఒంటి నిండా ముళ్ళున్నాయి కానీ చెట్టెక్కడం రాదుగా, పాపం!" అన్నాడు వాలప్ప.

"ఎక్కనవసరం లేదు. నువ్వే దిగి ఇస్తావు. రేపు వస్తాను" అంది ఈరమ్మ.

ఆ సంగతి విని పొరుగు ముంగిస రంగి ఆమె బొరియకు వచ్చింది. "అక్కా, నీ పళ్ళు దేనికున్నాయి? మద్దిమాను ఎంత గట్టిదైనా నువ్వు కొరికితే ఆగుతుందా? మధ్యాహ్నం వాడు కునుకు తీస్తాడు. తొర్ర అడుగున కంత పెట్టావంటే పువ్వు దానంతటదే కింద పడుతుంది. నీది నువ్వు తెచ్చుకుంటే తప్పేముంది?"

పిల్లలు ఆశగా తల్లి వైపు చూశారు. ఈరమ్మ పళ్ళకు అది నిజంగా చిన్న పని. బొరియలో నిల్వ అడుగంటింది. ఎండకు సూది నాలుక బయటపెట్టి పడుకున్నాడు. ఆ మాట తీసెయ్యడం ఆమెకు తేలిక కాలేదు.

"తొర్రలో నా పువ్వు ఒక్కటే లేదు రంగీ. తిప్పన్నదీ ఉంది, బొంతన్నదీ ఉంది. కంత పెడితే ఎవరి పువ్వు రాలుతుందో నాకెలా తెలుస్తుంది? పైగా రేపటి నుంచి అడవిలో దొంగ ఎవరంటే నా పేరు చెబుతారు. వాలప్ప మంచివాడైపోతాడు. అందరూ చూస్తుండగా తీసుకున్నాడు. అందరూ చూస్తుండగానే ఇవ్వాలి."

"ఇవ్వకపోతే?"

"ఇచ్చేదాకా అడుగుతాను."

మర్నాడు పొద్దున్నే ఈరమ్మ మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళింది. చెట్టు కిందికి పోకుండా, దానికి వెళ్ళే దారి పక్కన కూర్చుంది. తన అడ్డకాయ చెక్కను ఎదురుగా నేల మీద పెట్టుకుంది. అరవలేదు, తిట్టలేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా కూర్చుని ఇంటికి వెళ్ళింది. మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. దారిలో పిల్లల కోసం వేర్లు తవ్వుకుంటూ వెళ్ళేది. ఎంత ఆకలిగా ఉన్నా, ఎంత ఎండగా ఉన్నా ఒక్క పూట మానలేదు. చెప్పిన వేళకు చెప్పిన చోట ఉండడం చిన్న సంగతి కాదు. నోరున్నవాళ్ళు చాలామంది ఉంటారు. అలాంటి ఓపిక ఉన్నవాళ్ళు అరుదు.

వాలప్ప మొదట్లో పై నుంచి కాయలు విసిరి ఎగతాళి చేశాడు. "ఈరమ్మా, వేళ్ళు పుట్టుకొస్తాయి జాగ్రత్త! మొక్కై పోతావు!" అన్నాడు. ఆమె తన చోటు నుంచి కదల్లేదు. రానురాను అతనికి ఎగతాళి చేయడం కూడా విసుగనిపించింది. పొద్దున లేవగానే ముందు ఆ దారి వైపే అతని చూపు పోయేది.

వాలప్పకు కొండ ఇవతల ఇంకో చరియ ఉంది. దాని కింద వాన పడదు. ప్రతి ఏడూ వానాకాలంలో పక్క అడవి వాళ్ళకు దానిని వానవిడిదిగా ఇస్తుండేవాడు. ఆ బయానాలు పుచ్చుకునే రోజులు వచ్చాయి. ఒక పొద్దున కణితి బీరయ్య తన భార్యతో, ఇంకా నలుగురైదుగురు చుట్టాలతో ఇప్పపువ్వు మూటలు పట్టుకుని ఆ దారిన వచ్చాడు. వాళ్ళు అంతకుముందే బొంతన్నను కలిశారు.

దారి పక్కన ఈరమ్మను చూసి బీరయ్య ఆగాడు. "ఎండలో ఇలా కూర్చున్నావేం తల్లీ? ఆ చెక్క ఏమిటి?"

ఈరమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒక మాట ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు.

"అవునుగానీ, వాలప్పే బండలు దొర్లించాడని ఎలుగుబంటి చెప్పింది. నిజమేనా?" అని బీరయ్య భార్య అడిగింది.

ఈరమ్మ అవునంటే చాలు, వాళ్ళు అక్కడి నుంచే వెనక్కి తిరిగేవారు. వాలప్ప కొమ్మల చాటు నుంచి చెవులు రిక్కించి వింటున్నాడు.

"అది నిజం కాదమ్మా" అంది ఈరమ్మ. "గాలివానకు కొండ విరిగింది. అందులో వాలప్ప తప్పు లేదు. ఆ రోజు అతనే ఆ బండల కింద పడవలసింది, తప్పించుకున్నాడని కాకి చెప్పింది. బయానా తిరిగి ఇవ్వకపోవడం మాత్రం అతను చేసిన పనే."

బీరయ్య ఆమె వైపు తేరిపార చూశాడు. "నీకు పువ్వు ఎగ్గొట్టినవాడి మీద కూడా నువ్వు అబద్ధం చెప్పలేదు. అయితే మిగతాది కూడా నిజమే అయి ఉంటుంది" అన్నాడు. అందరూ కలిసి చెట్టు కిందికి నడిచారు. ఈరమ్మ కూడా తన చెక్క తీసుకుని వెంట వెళ్ళింది.

వాలప్ప చకచకా దిగివచ్చాడు. "రండి రండి! ఆవిడ మాటలు పట్టించుకోకండి. ఎండకు మతి చలించింది. ఆవిడ నాకు బయానా ఇచ్చిందే లేదు. నా విడిది ఎలాంటిదో నా మెడను అడగండి! చూడండి, ఎంతమంది చెక్కలో!" అంటూ దండను గలగలలాడించాడు.

బీరయ్య ముసలి కణితి. ఎన్నో వేసవులు చూసినవాడు. ఆ దండ చూసి అతను అడిగాడు: "వాలప్పా, విడిది ముగిశాక చెక్కలు కలిపి వాగులో వదలడం ఇక్కడి ఆచారం కదా?"

"అవును. మా తాతలు పెట్టిన ఆచారం."

"మీ నాన్న ఉన్నప్పుడు నేను విడిదికి వచ్చాను. ఆయన మెడ బోసిగా ఉండేది. చెక్కలు గుహ మూలలో దాచి, విడిది ముగియగానే వాగులో వదిలేవాడు కాబట్టి ఆయన దగ్గర చెక్క మిగల్లేదు. మరి నీ మెడలో ఉన్నవన్నీ ఎవరివి? వచ్చి చలువ పొందినవాళ్ళ చెక్కలైతే వాగులో పోవాలి. ఈ ఏడు విడిదే లేదు, అయినా ఇంకా మెడలో ఉన్నాయంటే ఇవన్నీ నువ్వు ఎగ్గొట్టిన బయానాలే!"

వాలప్ప చెయ్యి దానంతటదే దండ మీదికి పోయింది. ఇన్నాళ్ళూ గొప్ప అనుకుని మోసినది తన అప్పుల మూట అని అతనికి అప్పుడు తెలిసింది. అది కూడా అడవంతా చూసేలా, గలగల చప్పుడుతో సహా మోశాడు.

ఈరమ్మ ముందుకు వచ్చి తన చెక్కను చాచింది. దండలో ఒక చెక్కను చూపించింది. బీరయ్య రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. అవి ఒకదానికొకటి చక్కగా అతుక్కున్నాయి.

బీరయ్య చుట్టాలు తమ మూటలు తిరిగి భుజాన వేసుకోవడం వాలప్ప చూశాడు. ఈరమ్మను గబగబా పక్కకు పిలిచాడు. "అక్కా, నా పరువు కాపాడు. నీకు రెండింతల పువ్వు ఇస్తాను. నువ్వే పొరపాటు పడ్డావని వాళ్ళకు ఒక్క మాట చెప్పు చాలు."

రెండింతలంటే ఆ ఏడూ వచ్చే ఏడూ పిల్లల కడుపు నిండుతుంది. అయినా ఈరమ్మ తల అడ్డంగా ఊపింది. "నాది నాకు ఇవ్వు. ఆ పైన ఒక్క పువ్వు వద్దు. అది తిప్పన్నది, బొంతన్నది. నువ్వు ఇచ్చావని అందరికీ చెబుతాను. ఇన్నాళ్ళూ ఇవ్వలేదన్నది కూడా చెబుతాను."

వాలప్ప తల వంచుకుని తొర్రలోంచి ఆమె పువ్వు తన చేతులతోనే తీసి ఇచ్చాడు. ఈరమ్మ రెండు చెక్కలనూ కలిపి వాగులో వదిలింది. అవి కలిసి కొట్టుకుపోయేదాకా చూసి, మూట ఎత్తుకుని ఇంటికి నడిచింది. దారిలో తిప్పన్న ఇంటి ముందు ఆగి, "నాకు ఇచ్చాడు. నువ్వూ వెళ్ళి అడుగు, సిగ్గుపడకు" అని చెప్పి మరీ వెళ్ళింది.

తిప్పన్న వెళ్ళాడు. బొంతన్న కూడా తన చెక్క ముక్కలు ఏరుకుని వెళ్ళాడు. బీరయ్యవాళ్ళు తమ మూటలతో సహా ఇంటిదారి పట్టి, చూసేవాళ్ళు లేకపోయాక వాలప్పకు మళ్ళీ పాత బుద్ధి వచ్చింది. "రేపు రండి, ఎల్లుండి రండి" అని తిప్పడం మొదలుపెట్టాడు. తొర్రలో కుప్ప కళ్ళ ముందు ఉంటే అతనికి ఇవ్వబుద్ధి కాలేదు.

ఇంతలో మృగశిర వచ్చింది. తొలకరి కురిసింది. ఈరమ్మ పువ్వు బొరియలో పొడిగా ఉంది. వాలప్ప తొర్రలోకి నీళ్ళు దిగాయి. ఇప్పపువ్వు నానితే పులుస్తుంది, పులిస్తే మత్తెక్కుతుంది. పోనివ్వడం ఇష్టం లేక వాలప్ప ఆ పులిసిన పువ్వునే కడుపునిండా తిన్నాడు. తూలుతూ కొమ్మ మీద నిలబడి, "నా అంతవాడు లేడు!" అని దండ ఊపాడు. ఆ ఊపుకు కాలు జారింది. దబ్బున కింద పడ్డాడు. నడుము పట్టేసింది. మెడలోని దండ తెగి, చెక్కలన్నీ బురదలో చెల్లాచెదురయ్యాయి.

చెక్కలు పోయినా బాకీ పోలేదు. అడవి జంతువులన్నీ కూడి తీర్పు చెప్పాయి. తొర్రలో పువ్వంతా పాడైపోయి ఇవ్వడానికి ఏమీ లేదు కాబట్టి వాలప్ప ఒళ్ళు వంచి బాకీ తీర్చాలి. నడుము నయం కాగానే అతను చలిలోయకు వెళ్ళి గుహల ముందు రాళ్ళు తొలగించడం మొదలుపెట్టాడు. పెద్ద బండలు జరపడానికి బొంతన్న కూడా చెయ్యి వేశాడు. "నీ మీద లేనిపోని నింద వేశాను. దానికి ఇది" అని గొణిగాడు.

ఆ ఏటి నుంచి బయానా ఎవరూ వాలప్ప చేతికి ఇవ్వలేదు. బీరయ్య మాట మీద అందరూ ఈరమ్మ ఇంటికే తెచ్చారు. విడిది ముగిసి చెక్కలు వాగులో పడ్డాకే పువ్వు వాలప్పకు చేరుతుంది. విడిది జరగకపోతే ఇచ్చినవాళ్ళకే తిరిగి పోతుంది. కాపలా ఉన్నందుకు ప్రతి మూట నుంచీ ఈరమ్మకు దోసెడు పువ్వు. దానితో ఆమె ఇంట్లో ఏ వానాకాలమూ పస్తు అన్నది లేదు.

తరువాతి వేసవికి గుహలు తెరుచుకోగానే ఈరమ్మ పిల్లలను తీసుకుని చలిలోయకు వెళ్ళింది. తన పువ్వును కూడా అందరి పువ్వు పక్కనే వేరుగా మూటకట్టి పెట్టింది. దానికీ ఒక చెక్క తీసుకుంది. గుహ ముందు వాలప్ప నిలబడి ఉన్నాడు. అతని మెడ బోసిగా ఉంది.

"లోపలికి రండి. చల్లగా ఉంది" అన్నాడు నెమ్మదిగా.

సూది జలపాతం కింద తడిసి ముద్దై వణుకుతూ వచ్చాడు. "అమ్మా, బొంత మామ గురక కంటే నిజంగానే పెద్దది! నిరుడు నువ్వు ఆ చెట్టు కొరికేసి ఉంటే మనకు పువ్వు అప్పుడే వచ్చేసేది కదా?"

"వచ్చేది" అంది ఈరమ్మ వాడి ముళ్ళ మీద నీళ్ళు దులుపుతూ. "కానీ ఈ రోజు ఈ గుహలోకి రమ్మని మనల్ని పిలిచేవాళ్ళు ఉండేవారు కాదు."

నీతి: న్యాయంగా మనకు రావలసినదాన్ని సిగ్గుపడకుండా, అబద్ధమాడకుండా, ఇచ్చేదాకా అడగాలి, మాట చెల్లించలేనివాడు తీసుకున్నది వెంటనే తిరిగి ఇవ్వాలి, లేకపోతే సొమ్మూ పరువూ రెండూ పోతాయి.